పై స్టేషన్లో జడలదున్న

తుప్పు పట్టిన గుండుసూదులు పీకటానికి కూరలు తరిగే చిన్న చాకును మించింది లేదని దారిక మొదటి వారంలోనే కనిపెట్టింది, రెండు గోళ్ళు విరిగాక. కాయితాల్లో ఇనుము ముక్క ఒక్కటి మిగిలినా యూనివర్సిటీ ఆర్కైవ్ వాళ్ళు తీసుకోరు. తుప్పు పాకి పక్క కాయితాన్ని కూడా తినేస్తుందట. అందుకని జనవరి నుంచీ ఇదే పని. బళ్ళో పాఠాలు చెప్పి రెండింటికి ఇంటికి రావటం, పిండి కలిపి మూత పెట్టటం, అది పొంగేలోపు వంటింటి బల్ల మీద పాతగుడ్డ పరుచుకుని మామగారి నలభై ఏళ్ళ కాయితాల్లోంచి సూదులు పీకటం. పీకినవన్నీ ఖాళీ జామ్ సీసాలో వేసేది. సీసా నిండుతుంటే అదో తృప్తి. ఇంత పని చేసినట్టు ఆ సీసా ఒక్కటే సాక్ష్యం.

"నీ చేతిరాత గుండ్రంగా ఉంటుంది, నువ్వే రాసెయ్యి దారికా," అన్నాడు మెదెర్, పదకొండు అట్టపెట్టెలు తెచ్చి నడవలో దింపిన రోజున. ఇరవై రెండేళ్ళ కాపురంలో భర్త మెచ్చుకున్న ప్రతిసారీ ఒక పని మీద పడింది. అయినా మెచ్చుకుంటే సంతోషపడే అలవాటు మాత్రం పోలేదు. ఏప్రిల్ వచ్చేసరికి నాలుగువందల పన్నెండు అంశాల జాబితా తయారైంది. ఉత్తరాలు, నివేదికలు, మంచు పటాలు, ఫొటోలు. ప్రతి ఫొటో వెనకా అందులో ఉన్నదెవరో, ఏ సంవత్సరమో పెన్సిలుతో రాసింది. అప్పగింత పత్రంలో "దాత" అనే గడిలో మెదెర్ పేరుంది. సూదులు పీకినవారు అనే గడి ఉండదు. ఉండాలని ఆమె కూడా అనుకోలేదు. పుట్టింటి మొత్తంలో డిగ్రీ చదివిన మొదటి మనిషి తను. చదువుకున్న అమ్మాయి పని తప్పించుకుంటుందనే మాట పుట్టింటికి రాకూడదని పెళ్ళయిన రోజు నుంచీ ఒక చెయ్యి ఎక్కువే పని చేసింది.

మామగారు హిమానీనదాల ప్రొఫెసరు. రాజధాని బిష్కెక్‌కి రెండు రోజుల దూరంలో, కొండ మీద, మంచు అంచున ఉన్న పరిశోధన కేంద్రాన్ని ముప్ఫై ఏళ్ళు నడిపాడు. ఇంట్లో అందరూ దాన్ని పై స్టేషన్ అనేవాళ్ళు. ఆయన పోయి ఎనిమిదేళ్ళయింది. ఇప్పుడు ఆర్కైవ్‌లో ఒక గదికి ఆయన పేరు పెడుతున్నారు, తలుపు మీద ఇత్తడి పలక కూడా బిగించేశారు. శుక్రవారం పదింటికి సంతకాలు, పదకొండింటికి యూనివర్సిటీ ఉపాధ్యక్షుడు వచ్చి పలక మీద గుడ్డ తియ్యటం. తండ్రి విభాగంలోనే పాఠాలు చెప్పే మెదెర్‌కి ఆ పలక మీద చాలా ఆశలున్నాయి. సెప్టెంబరులో విభాగాధిపతి కుర్చీ ఖాళీ అవుతోంది.

ఆ పలక మీది పేరు దారిక జీవితంలో ఒక్కసారి కూడా పలకలేదు. కోడలు మామగారి పేరు, అత్తగారి పేరు, భర్త వైపు పెద్దవాళ్ళెవరి పేరూ నోటితో అనకూడదు. వేరే మాట కల్పించుకోవాలి. ఆమె "పెద్దాయన", "అత్తయ్య" అనేది. మెదెర్‌ని యూనివర్సిటీలో అందరూ తండ్రి పేరు కలిపి పిలుస్తారు. అందుకని ఎవరైనా ఫోన్ చేసి ఆయనున్నారా అంటే, "ఇంట్లో లేరండీ" అని పెట్టెయ్యటమే, ఆ పేరు తను తిరిగి అనలేదు. పెద్దాయనకు పక్షవాతం వచ్చిన రోజున అంబులెన్సు వాళ్ళు ఫోన్లో రోగి పేరడిగారు. ఆమె నోరు తెరిచింది. పేరు గొంతు దాకా వచ్చి అక్కడ కూర్చుంది. "హలో! పేరమ్మా, పేరు చెప్పు!" అవతల అమ్మాయి అరుస్తోంది. నేల మీద పెద్దాయన నోరు పక్కకి పోయి చూస్తున్నాడు. చివరికి పరుగెత్తి పక్కింటావిడ చేతిలో ఫోన్ పెట్టింది. తరవాత బంధువులు ఆ సంగతి చెప్పుకుని మురిసిపోయారు. "అలాంటి కోడలు ఈ రోజుల్లో ఎక్కడ దొరుకుతుంది!" ఆ అరనిమిషం గుర్తొస్తే దారికకు మాత్రం ఇప్పటికీ అరచేతులు చల్లబడతాయి.

మంగళవారం ఆర్కైవ్ నుంచి జాబితా నకలు వచ్చింది, తప్పులుంటే సంతకాల రోజుకి చెప్పమని. దారిక కళ్ళజోడు పెట్టుకుని చివరి పేజీ ముందు తీసింది. ఆమె రాసినవి నాలుగువందల పన్నెండు. నాలుగువందల పదమూడోది ఆర్కైవ్‌లో పనిచేసే క్లారా అక్క రాసింది.

"నోటు పుస్తకాలు, మూడు. పై స్టేషన్, 1971 నుంచి 1983. రోజువారీ మంచు కొలతలు. మధ్యలో పశుపోషణ విషయాలు, ముఖ్యంగా 'పెద్దనల్ల' అనే కోపిష్ఠి జడలదున్న (యాక్) గురించి. రాసినవారు తెలియదు."

దారిక నవ్వింది. వంటింట్లో ఒక్కతే, పైకి వినపడేలా నవ్వింది. నవ్వు ఆగాక లేచి కిటికీ తీసి, కింద కాలవ పక్కన ఎవరో కార్పెట్ ఉతుకుతుంటే ఆ నురగ నీళ్ళలో పోవటం చూస్తూ నిలబడింది. వెనక పిండి గిన్నెలోంచి పొంగి మూతని పక్కకి తోసేసింది.

అవి అత్తయ్య పుస్తకాలు. పోయిన శరదృతువులో, ఇంక లేవదని అందరికీ తెలిసిపోయిన రోజుల్లో, అత్తయ్య మంచం కింద నుంచి కంబళి సంచీ తీయించి ఆమె చేతిలో పెట్టింది. "ఇవి నీకు. వాడికి కాదు, నీకు." "ఏం చెయ్యను అత్తయ్యా?" "పొయ్యిలో మాత్రం వెయ్యకు." ఇంకేమీ చెప్పలేదు. ఉద్యోగుల పట్టీలో అత్తయ్య వంటమనిషి. కానీ రోజుకి మూడుసార్లు మంచులో పాతిన కర్రల దగ్గరికెళ్ళి లోతు చదివింది పన్నెండేళ్ళపాటు ఆవిడే. అది ఎవరూ దాచిన సంగతి కాదు. పెద్దాయన సభల్లో "మా ఆవిడ కళ్ళే నా పరికరాలు" అనేవాడు, జనం చప్పట్లు కొట్టేవాళ్ళు, అత్తయ్య ముందు వరసలో తలగుడ్డ సర్దుకునేది. ఎవరికీ తెలియంది అంకెల పక్కన ఖాళీలో ఏముందో. "1978 ఫిబ్రవరి 9. మూడో కర్ర, 142. ఆకాశం తేట. పెద్దనల్ల: తాపు. ఎడమ డొక్క." "ఫిబ్రవరి 10. తేట. వంగలేను. కొలత లేదు." "ఫిబ్రవరి 13. తేట. చెయ్యి లేవదు. కొలత లేదు. పెద్దనల్ల నిమ్మళం."

పెళ్ళయిన మొదటి నెలలో అత్తయ్య ఆమెకు ఎవర్ని ఏమనాలో నేర్పింది. రొట్టె పొయ్యిలో చెయ్యి పెట్టి, దాని లోపలి గోడకి పిండి అతికిస్తూ నేర్పింది. "ఆయన్ని పెద్దాయన అను, చాలు. నేను పైకి ఇంటాయన అంటాను. లోపల మాత్రం పెద్దనల్ల అంటాను." "అదేం పేరు అత్తయ్యా?" "ఆ నల్ల గొర్రెతోలు కోటేసుకుని గుమ్మంలో నిలబడితే ఇంట్లోకి వెలుతురు రాదు కదే," అని ముసిముసిగా నవ్వింది. ఇద్దరూ నవ్వుకున్నారు. కొత్తకోడలికి అత్తగారు ఒక రహస్యం చెప్పిందంటే ఎంత గొప్ప! దారిక దాన్ని అత్తయ్య ఇచ్చిన వెండి గాజులా దాచుకుంది. ఇరవై రెండేళ్ళ తరవాత ఆ పుస్తకం తెరిచి నాలుగు పేజీలు చదివి మూసేసింది. మళ్ళీ తెరవలేదు. పొయ్యిలో వెయ్యలేదు. ఇంట్లో ఉంచుకోలేకపోయింది. మార్చిలో చివరి పెట్టె ఆర్కైవ్‌కి పంపేటప్పుడు, కారు ఎక్కించబోతూ, మూడు పుస్తకాలూ అడుగున దోపేసింది. జాబితాలో రాయలేదు, మెదెర్‌కి చెప్పలేదు. అప్పుడేమనుకుందో ఇప్పుడు ఒప్పుకోటానికి సిగ్గుగా ఉంది. తను నోరు మెదపకుండా ఎవరో ఒకరు చదివి, తమంతట తాము తెలుసుకుంటారు అనుకుంది. చదివారు. దున్న అనుకున్నారు.

ఆ సాయంత్రం మెదెర్ సూప్ ముందు కూర్చున్నాక, రొట్టె తుంచి పెడుతూ అడిగింది. "మీ చిన్నప్పుడు పై స్టేషన్లో జడలదున్న ఉండేదా?"

"జడలదున్నా?" మెదెర్ గట్టిగా నవ్వాడు. "ఎవరు చెప్పారు నీకు! వేసవిలో పాలకి ఒక ఆవు, సామాన్లకి ఒక గాడిద. అంతే. గాడిద పేరేమిటో తెలుసా? డైరెక్టర్. వంట చేసేటప్పుడు అమ్మ 'ఒరేయ్ డైరెక్టరూ' అని అరిస్తే, లోపల్నుంచి నాన్న 'ఏమిటి?' అనేవాడు." నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నాడు. "ఎందుకడిగావు?"

"బళ్ళో పిల్లలడిగితే."

"నీ పిల్లలకి పరీక్షల ముందు జడలదున్నలు కావాల్సొచ్చాయి. సూప్ చల్లారింది చూడు."

లేచి వేడిచేసింది. మెదెర్ చెడ్డవాడు కాదు. తాగడు. కోపం వస్తే తలుపు వేసుకుంటాడు. మాటల్లో పెద్దగొడవ వచ్చినప్పుడు మాత్రం, "నా చెయ్యి ఒక్కసారైనా నీ మీద పడిందా? చెప్పు, పడిందా?" అంటాడు. పడలేదు. నిజమే. కానీ ప్రతిసారీ ఆ మాటనే చెయ్యెత్తినట్టు ఎత్తేవాడు. ఆమెకి పరిశోధనలో సీటొచ్చినప్పుడు ఎత్తాడు. పెద్దాయనకి మంచంలో సేవ చెయ్యటానికి మనిషిని పెడదామంటే ఎత్తాడు. పడని చెయ్యికి ఆమె ఇరవై రెండేళ్ళు కృతజ్ఞత చెప్పుకుంటూ వచ్చింది. ఆ చెయ్యి పడకపోవటం గొప్పతనమని అతనికి ఎవరు నేర్పారు, ఎక్కడ చూసి నేర్చుకున్నాడు అని ఆమె ఎప్పుడూ ఆలోచించలేదు. గరిటె తిప్పుతూ ఇప్పుడు ఆలోచించింది. 1978లో అతనికి తొమ్మిదేళ్ళు. పై స్టేషన్లో ఉన్నది ఒకటే గది.

గురువారం బడికి సెలవు పెట్టి ఆర్కైవ్‌కి వెళ్ళింది. పెట్టెలు మోయటానికి కాకుండా చదవటానికి వెళ్ళటం అదే మొదటిసారి. సంచీ, పెన్ను బయట పెట్టించారు. చదువుకునే గదిలోకి పెన్సిలే తీసుకెళ్ళాలి. చీటీ నింపి, యూనివర్సిటీ దగ్గర ఎప్పట్నుంచో ఉన్న 1978 నాటి స్టేషన్ నివేదిక అడిగింది. ఫైలు మొదట్లో ఒక కాయితం అతికించి ఉంది, ఆ ఫైలు ఎవరెవరు ఎప్పుడు చదివారో పేర్లూ సంతకాలూ. ముప్ఫై నాలుగు పేర్లు. ముప్ఫై అయిదోది తనది, పరీక్ష హాల్లో నంబరు రాసినంత జాగ్రత్తగా రాసింది. ఫిబ్రవరి పేజీ తీసింది. పదో తారీకు నుంచి ఇరవయ్యో తారీకు దాకా గడులు ఖాళీ. పక్కన పెద్దాయన దస్తూరీ, నిటారుగా, అందంగా: "తీవ్రమైన మంచుతుపాను. పరిశీలనలు సాధ్యం కాలేదు."

ఆకాశం తేట. ఆకాశం తేట. ఆకాశం తేట.

"మీరూ ఆ తుపాను కోసమే వచ్చారా అక్కా?" పక్క బల్ల దగ్గర్నుంచి ఒక అమ్మాయి. పేరు జిబెక్, మంచు కరుగుదల మీద పరిశోధన చేస్తోందట. "నాకు దాంతో తల పగిలిపోతోంది. కింద లోయలో వాతావరణ కేంద్రం పుస్తకంలో ఆ పదకొండు రోజులూ ఎండే. మా మాస్టారేమో లోయలో రాసినవాడు తాగుబోతయి ఉంటాడు, ఇంట్లో కూర్చుని రాశాడు, వాడి అంకెలన్నీ కొట్టెయ్యి అంటున్నారు. అన్నేళ్ళ అంకెలు ఎలా కొట్టెయ్యను? అలాగని ప్రొఫెసరుగారు తప్పు రాస్తారా?"

"తెలీదమ్మా," అంది దారిక. అని, తన గొంతు తనకే పరాయిగా వినిపించి ఫైలు మూసేసింది.

బయట నడవలో క్లారా అక్క టీ కాచుకుంటోంది. అరవై ఏళ్ళ మనిషి, బిష్కెక్‌లోనే పుట్టి, ఇంట్లో రష్యన్ మాట్లాడుకుంటూ పెరిగింది. రెండు పెళ్ళిళ్ళు చేసుకుని ఇద్దరు మొగుళ్ళనీ పేరు పెట్టి పిలిచానని, ఇద్దరూ పలకలేదని తనే చెప్పి నవ్వుతుంది.

"ఏం పిల్లా, నా దున్నని చూశావా? ఎంత గడుసుదో! వారానికోసారి తన్నేదట. నేనైతే కోసి కూరొండేదాన్ని," అంది, కప్పు అందిస్తూ.

దారిక కప్పు రెండు చేతులతో పట్టుకుంది. "అక్కా, జాబితాలో రాసింది తప్పనుకోండి. అప్పుడేం చేస్తారు?"

"దిద్దుతాను. దానికేముంది, పెన్సిలే కదా. రేపు పది దాటాక మాత్రం టైపు అవుతుంది, ముద్ర పడుతుంది." క్లారా అక్క కళ్ళజోడు మీంచి చూసింది. "కానీ నాకు ఊహలు కుదరవు. రాసింది ఎవరు, అందులో ఉన్నది ఎవరు, పేర్లు కావాలి. ఆ పుస్తకాలు నీకెవరిచ్చారు?"

"అత్తయ్య."

"మెదెర్‌కి ఇచ్చిందా, నీకా?"

"నాకే."

"అయితే వాటికి దాతవి నువ్వే. వేరే పత్రం రాయాలి. ఆ నాలుగువందల పన్నెండూ మీ ఆయనవి, ఈ మూడూ నీవి." గొంతు తగ్గించింది. "దాత అడిగితే మూసి కూడా పెడతాం. డెబ్భై అయిదేళ్ళు ఎవరికీ ఇవ్వం. చాలామంది అలా అడుగుతారు. తప్పేం కాదు."

డెబ్భై అయిదేళ్ళు. ఇంటికొచ్చే బస్సులో కడ్డీ పట్టుకుని నిలబడి దారిక ఆ అంకెను నోట్లో బెల్లంముక్కలా అటూ ఇటూ తిప్పింది. అప్పటికి మెదెర్ ఉండడు, తను ఉండదు, విభాగాధిపతి కుర్చీ చెదలు తినేసి ఉంటుంది. ఎంత బాగుంది! లేదా దున్ననే ఉండనివ్వొచ్చు. దున్నకి ఏం నష్టం, దానికి బంధువులా, పలకా? లోయలో రాసినవాడెవడో తాగుబోతు అనిపించుకుంటాడు, అంతేగా, వాడు తనకేమవుతాడు? చెప్పిందనుకో. మెదెర్ ముఖం ఎలా ఉంటుంది. ఆడపడుచులు ఫోన్లు చేస్తారు, "చచ్చినవాళ్ళ పరువు బజార్న పెట్టింది, చదువుకున్న కోడలు" అంటారు. పుట్టింట్లో అమ్మ "నిన్ను చదివించినందుకా?" అంటుంది. బస్సు గతుకులో పడ్డప్పుడల్లా ఆమె ఎడమ చెయ్యి దానంతటదే డొక్క మీదికి పోతోంది. ఆ చోట తనని ఎవరూ ఎప్పుడూ కొట్టలేదు. అత్తయ్యకు స్నానం చేయిస్తూ ఒక్కసారైనా ఆ పక్క ఎందుకలా సొట్టపడిందని అడిగిందా? ఆ చివరి ఏడాది తను రోజూ చూసింది కదా ఆ ఎముకని. చూసి, సబ్బు రాసి, నీళ్ళు పోసింది. పేరు చెప్పలేని కోడలినని ఊరంతా మెచ్చుకున్నారు. అడగలేని కోడలినని కూడా మెచ్చుకోవాల్సింది. ఆవిడ ఎవరో ఒకరికి చెప్పాలనే రాసిందా, తనకి తనే చెప్పుకోటానికి రాసిందా? పొయ్యిలో వెయ్యకు అంది. చెప్పమనలేదు. చెప్పొద్దనీ అనలేదు. తనే తేల్చుకోవాలన్నట్టు వదిలేసింది. ఆ విషయంలో దారికకు మొదటిసారి అత్తయ్య మీద కోపం వచ్చింది. దిగాల్సిన చోటు దాటిపోయి రెండు స్టాపులు వెనక్కి నడిచింది.

శుక్రవారం ఉదయం పిండిని చిన్న దిండ్లలా కోసి బోర్సోక్‌లు వేయించింది, అతిథులకి సరిపడా రెండు బేసిన్లు. నూనె కాగేలోపు మెదెర్ చొక్కా ఇస్త్రీ చేసింది. "ఈ రోజు నువ్వేమీ మాట్లాడక్కర్లేదు, టీలు అందితే చాలు. బాగా అలిసిపోయావు," అన్నాడు అతను, టై ముడేసుకుంటూ, ప్రేమగానే.

పదింటికి గదిలో ముగ్గురే. గుడ్డ కప్పిన తలుపు తెరిచే ఉంది, లోపల కొత్త బీరువాల వార్నిషు వాసన. క్లారా అక్క పత్రం ముందు పెట్టింది, మెదెర్ సంతకం చేశాడు. చేతులు దులుపుకుని లేవబోయాడు.

"ఇంకోటుంది," అంది క్లారా అక్క. "నాలుగువందల పదమూడు. దీనికి దాత దారిక."

"దారికా?" మెదెర్ నవ్వుతూ భార్య వైపు తిరిగాడు. "ఏమిటి, నీ వంట పుస్తకమా?"

"అత్తయ్యవి," అంది దారిక.

క్లారా అక్క పైనున్న నోటు పుస్తకాన్ని అతని ముందుకి తోసి, జాబితాలో రాసింది చదివింది. మంచు కొలతలు. పశుపోషణ. కోపిష్ఠి జడలదున్న. మెదెర్ నవ్వు ముఖం మీద ఇంకా ఉంది, తియ్యటం మర్చిపోయినట్టు. పుస్తకం తెరిచాడు. ఒక పేజీ, ఇంకో పేజీ. బొటనవేలు ఒక మాట కింద ఆగింది. చెవులు మెల్లగా ఎర్రబడటం దారిక చూసింది. అతను ఆ పేజీ తిప్పలేదు.

"నువ్వక్కడే పెరిగావు కదా," అంది క్లారా అక్క. "ఈ దున్న సంగతి సరేనా? నిజంగా ఉండేదా?"

మెదెర్ పుస్తకం మూశాడు. అంచులు సమంగా ఉండేలా బల్ల మీద సర్దాడు. వాచీ చూసుకున్నాడు.

"ఉండేది," అన్నాడు. "నల్లది. చాలా పెద్దది." వాచీ పట్టీ సర్దుకున్నాడు. "చిన్నప్పుడు దానంటే నాకు చచ్చేంత భయం."

ఆ గొంతు దారిక ఇరవై రెండేళ్ళలో వినలేదు. అది తొమ్మిదేళ్ళ పిల్లాడి గొంతు. లేచి వెళ్ళి తల నిమరాలనిపించింది, అంత జాలేసింది. మంగళవారం సూప్ ముందు నవ్విన నవ్వు గుర్తొచ్చింది. ఆవూ, గాడిదా, అంతే అన్నాడు. అంటే అతనికి తెలుసు. ఎప్పుడూ తెలుసు. తల నిమిరితే సరిపోతుంది. ఇంటికెళ్ళి సూప్ వేడిచేస్తే సరిపోతుంది, అతనిక ఆ చెయ్యి మాట ఎప్పుడూ ఎత్తకపోవచ్చు కూడా. ఆ మాత్రం చాలదా? ఆమె చేతులు బోర్సోక్ బేసిన్ అంచుని పట్టుకుని ఉన్నాయి. అవి చల్లగా ఉన్నాయి.

"మరి దారికా, సంతకం పెట్టేస్తావా?" క్లారా అక్క పత్రం ఆమె వైపు తిప్పింది. "మూసి పెట్టాలా, తెరిచి ఉంచాలా?"

"తెరిచి ఉంచండి. కానీ అందులో తప్పుందక్కా," అంది దారిక. "పై స్టేషన్లో దున్న లేదు. గాడిద ఉండేది. రాసినావిడ పేరు ఉమ్‌సునాయ్. ఉమ్‌సునాయ్ బైజాకోవా."

అత్తయ్య పేరు అంత మెత్తగా ఉంటుందని ఆమెకు తెలియదు.

క్లారా అక్క రబ్బరు తీసుకుని "తెలియదు" అన్న మాటని చెరిపింది. పేరు రాసింది. పెన్సిలు పై వాక్యం మీదికి వచ్చి ఆగింది. ఆవిడకి అప్పుడే ఏదో అర్థమవటం మొదలైంది. అడిగేటప్పుడు తల ఎత్తలేదు. "మరి పెద్దనల్ల?"

"దారికా," అన్నాడు మెదెర్, చాలా మెల్లగా, ఆమె మర్చిపోతున్నదేదో గుర్తుచేస్తున్నట్టు. నడవలో అడుగుల చప్పుడు, నవ్వులు. ఉపాధ్యక్షుడు ముందే వచ్చేస్తున్నాడు.

పేరు గొంతు దాకా వచ్చి ఆ పాత చోటే కూర్చుంది. ఈసారి ఫోన్ చేతిలో పెట్టెయ్యటానికి పక్కింటావిడ లేదు.

"సతార్‌కుల్ బైజాకోవ్," అంది దారిక. "రాసుకోండక్కా. తలుపు మీద ఉన్నది ఆ పేరే."